చేతి పొడవు

జ్ఞానాపురంలో పొద్దున్నే కిటికీ తుడవాలి.
పోర్టు నుంచి వచ్చిన నల్లపొడి
రాత్రంతా ఊచల మీద కూర్చుంటుంది.
అందరం తుడుస్తాం. ఎవరం మాట్లాడం.
ఆ గుడ్డ పిండి ఆరేసి
నా కొలతల పుస్తకం తెరుస్తాను.

పేరు, భుజం, ఛాతీ, నడుము, వీపు లోతు, చేతి పొడవు.
పదిహేడేళ్ళ పుస్తకాలు, ట్రంకుపెట్టె నిండా.

మొదటిసారి వచ్చినప్పుడు హైమవతి చేతి పొడవు నాలుగున్నర.
వీపు తొమ్మిది లోతు, వెనక తాళ్ళు, తాళ్ళకి పూసల కుచ్చులు.
"పెద్దవి పెట్టక్కా, నడుస్తుంటే ఊగాలి" అంది.
మరుసటి దసరాకి ఏడు.
ఆ పైయేడు పది.
మొన్న మే నెలలో, సముద్రం గాలి కూడా
ఉడికిపోతున్న మధ్యాహ్నం,
మణికట్టు దాకా పెట్టమంది. వీపు మూసెయ్యమంది.
"ఇప్పుడిదే ఫ్యాషనక్కా."
భుజం మీద టేపు వెయ్యగానే
ఫ్యాషను ఉలిక్కిపడింది.

ఎక్కడ తాకకూడదో నాకు తెలుసు.
టేపుని గాల్లోనే పట్టి కొలవడం నేర్చుకున్నాను.
అంగుళం వదులు రాసుకుంటాను, వాపు కోసం.
తగ్గాక ఒక కుట్టు బిగిస్తే సరిపోతుంది.

"బాత్రూంలో జారానండీ" అంటుంది మర్రిపాలెం లెక్కల టీచరు.
"తలుపు తగిలింది" అంటుంది డాక్‌యార్డు క్వార్టర్సు ఆవిడ.
ద్వారకానగర్ డాక్టరమ్మ ఏమీ అనదు,
ఏ క్రీము రాస్తే మరక ఎన్నాళ్ళకి పోతుందో ఆవిడకి తెలుసు.
జాలారిపేట పరదేశమ్మ ఒక్కతే
"కొట్నాడే, ఏటి సేస్తాం" అని నవ్వి
బేరమాడి పది రూపాయలు తగ్గిస్తుంది.
మిగతా అందరివీ తలుపులే.
ఈ ఊళ్ళో
ఎన్ని తలుపులకి చేతులున్నాయో.

పోయిన నెల సర్వే పిల్ల వచ్చింది,
మెళ్ళో కార్డు, చేతిలో ట్యాబు, కాళ్ళకి దుమ్ము.
ఎదురింటి ఫిలోమినాని గుమ్మంలో నిలబెట్టి
గ్యాసుందా, మరుగుదొడ్డి ఉందా,
ఇంట్లో మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటారా
అని ఒకే గొంతుతో అడిగింది.
వెనకాల కుర్చీలో ఆయన పేపరు తిప్పాడు.
"లేదండీ."
ఆ పిల్ల వేలితో ఒక గడి నొక్కింది.
ఫిలోమినా చేతి పొడవు పదకొండు.
ఆ తర్వాత మా గుమ్మం ఎక్కింది.
నేనూ లేదనే చెప్పాను.

మా ఆయన మంచివాడే. ఇప్పుడు.
పక్షవాతం వచ్చాక బాగా మంచివాడు.
నా కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు,
నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను.

ఒక్క పని మాత్రం చేస్తున్నాను.
ఎడమ చంక కింద, లైనింగుకీ గుడ్డకీ మధ్య
చిన్న జేబు కుడతాను. బిల్లులో రాయను, నోటితో చెప్పను.
నాలుగు మడతల్లో ఐదొందల నోటు పడుతుంది,
ఒక తాళంచెవి పడుతుంది.
ఎవరూ ఇదేమిటని అడగలేదు.
కానీ ఆల్టరేషనుకి తిరిగొచ్చిన జాకెట్లలో
ఆ జేబు మూతి కాస్త సాగి ఉంటుంది.
ఒకదాంట్లో సాలూరు బస్సు టికెట్టు దొరికింది,
కాంప్లెక్సులో ముందే చేయించుకున్నది,
తేదీ దాటిపోయి పదకొండు రోజులు.
మళ్ళీ మడిచి అక్కడే పెట్టాను.

హైమవతి జాకెట్టు జూన్ రెండుకల్లా అయిపోయింది.
ఇంకా తీసుకెళ్ళలేదు.
ఫోను స్విచ్ఛాఫ్ అంటోంది.
వాళ్ళ వీధిలో అడిగితే
"ఇల్లు మారారనుకుంటా" అన్నారు,
"అనుకుంటా" దగ్గర కొంచెం ఆగి.
ఏ బస్సెక్కిందో. అసలు ఎక్కిందో లేదో.
పాత జాకెట్టు తొడుక్కునే వెళ్ళి ఉంటే బాగుండు,
దానికీ జేబుంది.

కొక్కేనికి వేలాడుతున్న దాని మీద
రోజూ నల్లపొడి పడుతుంది.
ఒక చెయ్యి పట్టుకుని
మెల్లగా దులుపుతాను,
లోపల ఎవరో ఉన్నట్టు,
నొప్పెడుతుందేమో అన్నట్టు.